తార్నాక షెడ్డులో మా బండి తలుపులు

బండిని కొన్నది మా ఆయన. కాపలా కాసింది నేను.

యూనివర్సిటీ తోటల పనికి ఒక పాత పికప్ బండి ఉండేది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక ఎరువూ మొక్కలూ వేసుకునే తొట్టి. మా ఆయన దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు గానీ ఆయన ఉద్యోగం పర్మనెంటు కాలేదు. చివరికి కొత్త బండి వచ్చింది, దానితో పాటే పర్మనెంటు డ్రైవరూ వచ్చాడు. పాత బండిని హర్రాజు వేస్తే ఈయన పాడుకుని, పెళ్లికొడుకులా ఇంటికి తోలుకొచ్చాడు. చూస్తే తొట్టి జల్లెడలా ఉంది, రంగు పొలుసులుగా రాలుతోంది. ఇదేం పని అని నేను రెండు రోజులు మాట్లాడలేదు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ గొడవలతో మూతపడిన హాస్టళ్లు మళ్లీ తెరవబోతున్నారు. మెస్సులకు కూరగాయలు తోలడానికి బండి కావాలి. ఎవరి బండి ముందు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పాసైతే వాళ్లకే ఆ పని. అది దొరికితే విద్యానగర్‌లో మా అద్దె గది నిలుస్తుంది. దొరక్కపోతే అనంతపురం పక్క మా ఊరికి పోయి, మా తోటికోడలి చేతి కింద బతకాలి. ఆమె చేతి కింద ఒక్క పూట బతకడం కూడా నాకు చచ్చినా ఇష్టం లేదు.

బండిని తార్నాకలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో పెట్టాం. సొట్టలు తీయడం, రంగు వేయడం, రెండూ అక్కడి మేస్త్రీయే చేసేవాడు. నల్లగొండ పక్క రైతు కుటుంబం మనిషి. నా యాస వినగానే, మీది ఆంధ్రానా అక్కా అని అడిగాడు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు ఎవరూ వెంటనే జవాబు చెప్పేవారు కాదు. రాయలసీమ అన్నాను. ఏదైతేనేం లే అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అంత తియ్యగా మాట్లాడే మనిషి పని సరిగ్గా చేస్తాడని నేను ఎప్పుడూ నమ్మను.

పైగా అదే షెడ్డులో మా బండి లాంటిదే ఇంకో బండి ఉంది. అదే కంపెనీ, అదే ఆకారం. గోల్నాక మనిషిది. అతనికీ మెస్సు పని మీదే కన్ను. మా తొట్టి చెడినా తలుపులు మాత్రం ఉక్కులా ఉండేవి. మా ఆయన వాటిని నూనె గుడ్డతో తుడవని వారం లేదు. గోల్నాక బండి తలుపుల అడుగుభాగం తుప్పు తిని కాగితమైపోయింది. మేస్త్రీ రెండు బండ్ల తలుపులూ ఊడదీసి, పాత రంగంతా గీకి, ఒకే గోడకు వరసగా ఆనించాడు. గీకాక దూరం నుంచి అన్నీ ఒకేలా కనిపించాయి. మార్చేస్తే ఎవరు కనిపెడతారు?

ఇక ఇంట్లో నిలవలేకపోయాను. పొద్దున్నే వంట ముగించి, క్యాంపస్ గుండా నడిచి తార్నాక చేరేదాన్ని. షెడ్డు ఎదురుగా రాయి మీద కూర్చుని, చేటలో బియ్యం ఏరుకుంటూ మేస్త్రీ చేతులే చూసేదాన్ని. సుత్తితో సొట్టలు తీసినా, గుంటల్లో లప్పం పూసినా, తడి ఎమరీ కాగితంతో రుద్దినా, నా కళ్లు తలుపుల మీదే. మీ ఆయనకన్నా నువ్వే పెద్ద ఇన్‌స్పెక్టర్‌వని మేస్త్రీ ఎగతాళి చేసేవాడు. చెయ్యనీ అనుకున్నాను.

మా పక్క ప్రతి ఇంటికీ గిన్నెల మీద ఒక గుర్తు ఉంటుంది. పెళ్లికో దేవర జాతరకో ఊళ్లో గిన్నెలన్నీ ఒకచోట చేరతాయి కదా, ఎవరివి వాళ్లకు రావాలంటే గుర్తు ఉండాల్సిందే. మా అత్తగారింటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక గీత. మేస్త్రీ చాయ్ తాగడానికి పోయినప్పుడు, తలుపుల అడుగులు వేలితో నొక్కి చూసి, గట్టిగా ఉన్న మా రెండింటికీ, మేకు పెట్టి రాయితో కొట్టి, అడుగు మడతలో ఆ గుర్తు వేశాను. మేకు దెబ్బను ఏ రంగూ పూడ్చలేదు. ఆ పూట కొంచెం నిమ్మళంగా అన్నం తిన్నాను.

ఇంతలో రంగుకు డబ్బు చాలక పని ఆగింది. మా ఆయన మూడు రోజులు దిగులుగా తిరిగి, ఒక సాయంత్రం హుషారుగా వచ్చి, ముషీరాబాద్‌లో ఒక దుకాణంలో చవగ్గా రంగు దొరికిందన్నాడు. ఆ దుకాణం వాడు కల్తీ రంగు అంటగట్టాడేమోనని నేను అనుమానపడ్డాను. మరునాడు మేస్త్రీ, దుమ్ము లేస్తే రంగు ఖరాబైతది, రెండు రోజులు రావొద్దన్నాడు. మా ఆయన కూడా వంత పాడాడు. మేస్త్రీ ఈయనను బుట్టలో వేశాడనుకున్నాను.

రమ్మన్న రోజు వెళ్లేసరికి బండి నీలంగా మెరుస్తోంది. ఎవరు చూసినా కొత్తదే అంటారు. నేను నేరుగా తలుపు దగ్గరికి పోయి అడుగు మడతలో వేలు పెట్టి తడిమాను. నున్నగా ఉంది. రెండో తలుపూ అంతే. పక్కనే ఉన్న గోల్నాక బండి తలుపు కింద చెయ్యి పెట్టాను. మూడు చుక్కలు, కింద గీత, వేలికి స్పష్టంగా తగిలాయి.

నా గొంతు ఎంత లేచిందంటే రోడ్డు మీద సైకిళ్లు ఆగాయి. దొంగ అన్నాను, ఇంకా చాలా అన్నాను. మేస్త్రీ చివరిదాకా విన్నాడు.

"నేను దొంగను గాదు అక్కా. తలుపులు అన్ననే ఇచ్చిండు. గోల్నాకాయన రంగు తెచ్చిండు, దాని బదులు తలుపులు తీస్కున్నడు. నీకు ఎరుకే అనుకున్న."

మా ఆయన గుడ్డతో దీపం అద్దం తుడుస్తున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు. మేస్త్రీని, దుకాణందారును, గోల్నాక మనిషిని, ఊళ్లో అందర్నీ అనుమానించాను. ఈయన ఒక్కడినే నమ్మాను.

మర్నాడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నేనూ వెళ్లాను. ఆయన బ్రేకులు చూశాడు, దీపాలు చూశాడు, బాగుందన్నట్టు తల ఊపాడు. వెళ్లబోతూ నా వైపు తలుపు తెరిచి గట్టిగా వేశాడు. అడుగున పూసిన లప్పం అప్పడంలా ఊడి నేల మీద పడింది. అది పడిన చోట నా పిడికిలి పట్టేంత కంత. సరిచేసుకుని రమ్మన్నాడు. మా వెనకే వచ్చిన గోల్నాక బండి అదే పూట పాసైంది. సాయంత్రానికి మెస్సు పని అతనిదైపోయింది.

ఇంటి ముందు బండి ఆపాడు. ఇక ఊరికి పోక తప్పదని ఇద్దరికీ తెలుసు. తాళం చెవి తీస్తూ ఆయన అన్నాడు.

"నీకు చెప్పింటే ఇయ్యనిచ్చేదానివి కాదు."

"ఇయ్యనిచ్చేదాన్ని కాదు," అన్నాను. "అందుకే నాకు చెప్పాల్సింది."