మొయినాబాద్ మేకకు ధర్మబోధ

పెట్రోలు బదులు బొగ్గుతో నడిచే బస్సుల మీద నాకు పెద్ద ఫిర్యాదేమీ లేదు. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తోయమంటాయి, టికెట్టు మాత్రం కూర్చున్నట్టే కొడతాయి. యుద్ధకాలంలో బెజవాడ నుంచి వచ్చి చేవెళ్లకు పోతుంటే, అలాంటి బస్సొకటి మొయినాబాద్ దాటాక వానలో ఆగిపోయింది.

దారి పక్కన పోచమ్మ గుడి ముందు పందిరి కింద ఒక అవ్వ, ఆమె చుట్టాలు మేకపోతును పట్టుకుని నిలబడి ఉన్నారు. మనుమడికి అమ్మవారు పోసి తగ్గిందట, ఇది ఆ మొక్కు. పసుపునీళ్లు చల్లినప్పుడు మేక ఒళ్లు జాడిస్తే తల్లి ఒప్పుకున్నట్టు. దాన్ని జడత అంటారు. జడత ఇవ్వకపోతే కోయరు. పొద్దుటి నుంచి ఎన్ని నీళ్లు చల్లినా ఆ మేక కదల్లేదు.

ఆ ఏడే కాలేజీలో బౌద్ధం చదివాను. మేకను విడిపించే బాధ్యత నాదేననిపించింది.

"అవ్వా, ప్రాణం తీయవద్దన్నాడు బుద్ధుడు. దుఃఖానికి మూలం కోరికేనన్నాడు," అన్నాను.

"మనుమడు బతకాలె అనుకునుడు గూడ తప్పేనా బిడ్డా?"

ఆ ప్రశ్న మా పాఠంలో లేదు. అందుకని గొంతు పెంచి, "చావంటే ప్రతి జీవికీ భయమే!" అంటూ చేయి విసిరాను. తడిసిన కోటు చేతిలోంచి నీళ్లు సూటిగా మేక చెవిలో పడ్డాయి. అది తల నుంచి తోక దాకా జాడించింది.

డప్పు మోగింది.

అవ్వ నా భుజం తట్టింది. "పొద్దటిసంది మేం బతిమాలితె ఇనలే, నీ బుద్ధుని ముచ్చటకు ఒప్పుకున్నది. కూసో బిడ్డా, కార్జం నీకే."