తూనీగ ఫోన్ మోగని పొద్దు

మిషన్ల మధ్య గిరగిరా తిరుగుతుందని బట్టల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ తూనీగ అంటారు. ఆ తూనీగకి సూపర్‌వైజర్ పని ఇచ్చారు. తెల్లారగానే షిఫ్టు. నెలరోజులు నిలదొక్కుకుంటే ఖాయం.

"మరి ఇల్లో?" అన్నాడు మొగుడు. గేట్లకి వెల్డింగ్ చేస్తాడు. అతని షాపు ఆలస్యంగా తెరుస్తారు.

"నువ్వున్నావుగా!"

"నాకు వంట రాదే!"

"ఇనుము కరిగించేవాడివి, బియ్యం ఉడికించలేవురా?" అంది అతని తల్లి. ఆవిడకి మోకాళ్లు మొరాయించాయి గానీ, నోరు బ్రహ్మాండంగా నడుస్తుంది.

మొదటి పొద్దే ఫోను. "ఏమే, ఉప్పెక్కడ?"

"ఉప్పు డబ్బాలో."

"ఆ డబ్బా ఎక్కడ?"

పెట్టేసిందో లేదో మళ్లీ, చుట్టూ అందరికీ వినిపించేంత గట్టిగా. "పాప సాక్సు ఒకటే దొరికింది. రెండో కాలికేం తొడగను?"

మిషన్లు ఆగిపోయాయి, నవ్వులు ఆగలేదు. "మీ ఆయనకి కళ్లజోడు కొనిపెట్టవే!" అని అరిచింది కాజాలు కుట్టే పిల్ల.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "పని వేళ ఇంకోసారి మోగిందంటే, మళ్లీ మిషను ముందే కూర్చోవాలమ్మా."

ఆడవాళ్లు పైమెట్టు ఎక్కట్లేదని సభల్లో పెద్దమనుషులు తెగ బెంగపడిపోతారు. కొంగుకి వంటిల్లు కట్టేసి ఎక్కమంటే ఎలా ఎక్కుతారయ్యా?

సాయంత్రం మొగుడికి తెగేసి చెప్పింది. "రేపు మోగిందా, నా పని హుళక్కే."

"పోనీ, డబ్బాల మీద పేర్లు రాసిపెట్టు."

"నాకెవరు రాసిచ్చారు? మూత తీసి చూడు!"

మర్నాడు ఫోను మోగలేదు. గంట గడిచింది. ఉలుకూ పలుకూ లేదు. తూనీగకి కాలు నిలవలేదు.

"కొంపకి నిప్పంటించాడేమోనే!" అంది కాజాల పిల్ల.

టీ విరామంలో గేటు బయటికి పరుగెత్తి తనే ఫోను చేసింది. అవతల కుక్కరు కూత, పాప కేకలు, పగలబడి నవ్వే అత్తగారి గొంతు.

"ఏమైంది? బాగానే ఉన్నారా?"

"పని వేళ ఫోనేంటే? అన్నం అడుగంటింది, పైది తినేశాం. సాక్సులు రెండు రంగులవి తొడిగా, పాపకి తెగ నచ్చాయి. ఆఁ, రేపు తెల్లారే ఓవర్‌టైముకి రమ్మని ఫోను చేశాడు మా ఓనరు. పాపని బడికి పంపాలి, కుదరదన్నా. 'మీ ఆవిడ లేదా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఆవిడ సూపర్‌వైజరండీ, సెలవు దొరకదూ అన్నా! ఉంటా, పాలు పొంగుతున్నాయ్!"

ఫోను టక్కున పెట్టేశాడు. గేటు దగ్గర ఒంటరిగా పొట్ట చేత్తో పట్టుకుని నవ్విన తూనీగ, బెల్లు మోగేసరికి రెక్కలొచ్చినట్టు మిషన్ల మధ్యకి దూసుకుపోయింది. నెల తిరిగేసరికి పని ఖాయమైంది. ఉప్పు డబ్బా ఇప్పుడెక్కడుందో ఆమెకే తెలియదు.