తువ్వాలు కింది చివరి లెక్క

మస్తాన్‌వలీ మాష్టారు ఇక లేరన్న వార్త సత్తెనపల్లి బస్టాండులో, టీ గ్లాసు చేతిలో ఉండగా విన్నాను. గుండెపోటట. సెలవు చీటీ పెట్టకుండా ఏనాడూ కాలేజీ మానని మనిషి, ఇంత దూరప్రయాణానికి మాత్రం ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్ రూములో ఆయన పక్క కుర్చీ నాది. దిగ్భ్రాంతి అనే మాటను ఇన్నాళ్లూ సంతాప తీర్మానాల్లో ఊరికే వాడేశానని అప్పుడు తెలిసింది.

వృత్తిరీత్యా కంప్యూటర్ అధ్యాపకులు. క్రిప్టో కరెన్సీ అనగానే అందరూ కోటీశ్వరులయ్యే మార్గం అడిగేవారు. ఆయన తపస్సంతా పైసల్లో చెల్లించడం గురించే. బ్లాక్‌చైన్ అనే బహిరంగ చిట్టాలో ప్రతి పైసా రాయించబోతే, రాయించే రుసుమే పైసను మింగేస్తుంది. అందుకని ఇద్దరు ముందుగా కొంత సొమ్ము కట్టి, తమలో తాము వాటాలు మార్చుకుంటూ సంతకాలు చేసుకుని, చివరి లెక్క ఒక్కటే చిట్టాకెక్కిస్తారు. దీని పేరు పేమెంట్ ఛానల్.

నాకు బోధపడలేదంటే భుజాన ఉన్న తువ్వాలు తీసి నా చేతిమీద కప్పారు. "మా నాన్న మిర్చి యార్డులో దళారీ అండీ. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాడు. లోపల వేళ్లు ఎన్నిసార్లు మారితే యార్డుకేం? తువ్వాలు తీశాక చెప్పిందే ధర."

ఆయన ప్రయోగశాల సొంత బోరు. ఆ నీళ్లు పక్కచేను కోటయ్య మిరపకి కావాలి. మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు పారిందన్నదానిపై ఇద్దరికీ రోజూ రభస. అతనికీ తువ్వాలు కప్పే నచ్చజెప్పి ఛానల్ పెట్టాక, మోటారు తిరిగినంతసేపే కోటయ్య ఫోన్లోంచి చెల్లింపు బొట్టుబొట్టుగా జారేది. కరెంటు పోతే అదీ ఆగేది.

"ఏంటి మాష్టారూ, పోట్లాడుకోటానికి ఏమీ మిగల్చలేదే!" అన్నాడు కోటయ్య నిష్ఠూరంగా.

"గట్టు ఉందిగదయ్యా," అన్నారు మాష్టారు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఒకరు పాత లెక్కను చిట్టాకెక్కిస్తే, రెండోవారు గడువులోగా కొత్త లెక్క చూపి అడ్డుకోవాలి. అడ్డుకోవలసిన మనిషి మట్టిలో ఉన్నాడు. కోటయ్య మొదటి రోజు లెక్క పెట్టాడా, ఈ పంటకాలపు నీటి సొమ్మంతా తిరిగి అతనికే. మాష్టారి భార్య గౌసియాగారికి సున్నా.

మూడోనాడు, జియారత్ ప్రార్థనలప్పుడు కోటయ్య ఫోను తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చివరిదేదో చూసి నొక్కండి సార్, నాకు కళ్లజోడు లేదు."

"పాతది పెట్టినా అడిగేవాళ్లు లేరు కోటయ్యా," అన్నాను. పరామర్శలో అనకూడని మాటే.

అతను నావైపు జాలిగా చూశాడు. "తువ్వాలు కింద ఆయన వేలు పట్టుకుంది నేనండీ. ఎక్కడ వదిలాడో నాకు తెలీదా?"

నొక్కాను. నీటి సొమ్ము గౌసియాగారికి చేరింది.

క్యాంటీన్ టీల కోసం మాష్టారికీ నాకూ ఒక ఛానల్ ఉంది. మూసేద్దామని చూస్తే, అందులో ఉన్నదానికంటే మూసే రుసుమే ఎక్కువ. ఆయన సిద్ధాంతానికి ఇంతకంటే నిర్దుష్టమైన రుజువు దొరకదు. స్టాఫ్ రూములో ఆయన కుర్చీలోకి రేపో మాపో ఎవరో ఒకరు వస్తారు, కూర్చుంటారు, నిండదు.

మాష్టారూ, ఈ తువ్వాలు నేను తీయను.