సంచుల దగ్గర మనిషి

కుట్టు షెడ్డులో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. చొక్కాలకు కాజాలు తీయడం, గుండీలు కుట్టడం ఆమె పని. సూది పట్టీ పట్టీ వేళ్ల కొసలు ఎంత గట్టిపడ్డాయంటే, పొగలు కక్కే టీ గ్లాసు పట్టుకున్నా చురుక్కుమనేది కాదు. ఏడాదికోసారి షెడ్డువాళ్లంతా కలిసి ఎటైనా వెళ్లేవారు. వెళ్లిన ప్రతిచోటా పెద్దక్క చెట్టు నీడన కూర్చునేది, చుట్టూ అందరి సంచులతో.

అదెలా మొదలైందంటే, తొలిసారి వెళ్లినప్పుడు ఆమె చెప్పు తెగింది. ఆ సంగతి పైకి చెప్పడానికి సిగ్గుపడి, "నాకీ మెట్లెక్కి దిగడాలు ఇష్టముండవు, మీరు వెళ్లిరండి" అంది. మరుసటేడు ఎవరూ అడగనే లేదు. సంచులు వాటంతటవే వచ్చి ఆమె ముందు వాలాయి. మొహమాటానికి అన్న మాట మెల్లమెల్లగా ఆమె స్వభావమై కూర్చుంది. ఇంటికెళ్లాక మనవరాలు అడిగితే, బస్సులో వాళ్లూ వీళ్లూ చెప్పుకున్నవే తాను చూసినట్టు చెప్పేది.

ఈసారి ఊరి బయట పాత మహలు. త్వరలో పెద్దక్క పని మానేస్తోంది, ఇక ఇలాంటి ప్రయాణం ఉండదు. ఈ ఒక్కసారైనా తన కళ్లతో చూసింది మనవరాలికి చెప్పాలి. దారి పొడవునా ఆమె మనసులో అదే.

పచ్చిక దాటి మెట్ల దగ్గరికి రాగానే సంచులు దిగాయి.

"పెద్దక్కా, నీళ్ల సీసా మూత వదులుగా ఉంది, నా సంచి పక్కకి పడిపోకుండా చూడవే" అంది కాలర్లు కుట్టే అమ్మాయి.

"నేనూ లోపలికొస్తున్నానే."

"నువ్వా? మెట్లుంటాయక్కా!"

"మహల్లో మెట్లు కాక నిచ్చెనలుంటాయా?"

అంతా నవ్వారు. నవ్వు ఆగాక చూపులన్నీ సంచుల మీదికి పోయాయి. పోనీలే, కూర్చుండిపోదామా అనిపించింది ఆమెకు. అలవాటైన చోటు ఎంత మెత్తనిదో! కానీ కొంగు దోపుకుని, తన సంచి కూడా ఆ కుప్ప మీదే పెట్టేసి, వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.

లోపల పీట వేసుకుని ఎక్కాల్సినంత ఎత్తు మంచం. మచ్చలు తేలిన నిలువుటద్దం. గాజు బీరువాలో ఎవరిదో కోటు. దాని గుండీ ఒకటి ఒంటి దారం మీద వేలాడుతోంది. ఆమె వేళ్లు ఊరుకోలేకపోయాయి. ఇంత ఇల్లుండి, ఒక్క గుండీ కుట్టేవాళ్లు దొరకలేదా పాపం అనుకుంది.

పై అంతస్తు కిటికీలోంచి అలవాటుకొద్దీ కిందికి చూసింది. సంచుల పక్కన తమ షెడ్డు కటింగ్ మాస్టారు ఒక్కరే కూర్చుని గడ్డిపోచలు పీకుతున్నారు.

అందరూ కిందికి దిగాక ఆయన అడిగారు. "ఏమున్నాయక్కా లోపల?"

చెప్పబోయి ఆగింది. "మీరు చూడరా మాస్టారూ?"

"నాకవన్నీ పెద్దగా ఇష్టముండవులే అక్కా" అంటూనే ఆయన పై కిటికీల వైపు ఓసారి చూశారు.

ఆ మాట తనదే. పెద్దక్క వంగి ఒక్కో సంచీ తీసి ఎవరిది వాళ్ల చేతిలో పెట్టసాగింది.

"ఇదిగో నీ సీసా. ఇది నీ గొడుగు. ఎవరి బరువు వాళ్లు పట్టుకోండమ్మా."

"అప్పుడే బయల్దేరడమేంటక్కా?"

"బయల్దేరేదెవరే? మాస్టారింకా చూడలేదు" అని, తన సంచి భుజానికి తగిలించుకుని, ఆమె మళ్లీ మెట్ల వైపు తిరిగింది. "రండి మాస్టారూ, మీకో కోటు చూపించాలి."