ఓడ బరువు సర్దిన రాజలింగు

బోధన్ చెరుకు బండ్లలో రాజలింగు బండి ఒక్కనాడూ బోర్లాపడలేదు. ఆ సంగతి ఆయన చెప్పుకున్నన్నిసార్లు ఇంకెవరూ చెప్పలేదన్నది వేరే మాట. బండికి ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి, వెనక ఎక్కువైతే కాడి గాలిలోకి లేస్తుంది. ఈ రెంటి నడుమ ఉన్నదే లోకజ్ఞానమంతా అని ఆయన నమ్మకం. ఇదే మాట చెప్పడానికి దేశదేశాల తత్వవేత్తలు లావుపాటి పుస్తకాలు రాశారు. పాపం, వాళ్లకు బండి లేదు.

అలాంటి మనిషి పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో, చక్కెర ఫ్యాక్టరీలో ఆ ఏటి గానుగ ఆగిపోయాక, ఓడ ఎక్కాడు. ఎక్కించింది కాశయ్య. రాజలింగు భార్య గంగమణికి సొంత అన్న, బొంబాయిలో ఒక ముసలి ఓడలో వంటవాడు. రాజలింగు కూతుర్ని తన కొడుక్కి చేసుకున్నాడు కాబట్టి బావే వియ్యంకుడు కూడా. ఆ ఓడ ఒకప్పుడు తెల్లదొరలను లండన్ దాకా మోసిందట. ఇప్పుడు వయసు మళ్లి, బొంబాయి నుంచి కొచ్చికి కొబ్బరి వ్యాపారులను మోస్తోంది. ఈ పోయిరావడమే దాని చివరి ట్రిప్పు, ఆ తర్వాత విరగ్గొట్టి ఇనుముకు అమ్మేస్తారు. అందుకని పనివాళ్ల చుట్టాలను డెక్కు మీద ఊరికే రానిచ్చారు.

సముద్రం మీద పోవడం పాపమని శాస్త్రాలు రాసిన పెద్దల్లో ఎందరు సముద్రాన్ని చూశారో గానీ, గంగమణి మాత్రం "ఒడ్డు పొంటి పోతే సగం పాపమే" అని తీర్పు చెప్పి సద్దిమూట కట్టింది.

కూతురికి అప్పుడు నాలుగో నెల. మగపిల్లాడైతే కులదేవుడి పేరని అందరూ ఒప్పుకున్నారు. పేచీ అంతా ఆడపిల్ల దగ్గరే.

"మా అవ్వ పేరే పెట్టాలె. ఈరవ్వ," అన్నాడు రాజలింగు, ఓడ మెట్ల దగ్గరే.

"బొంబాయిల ఈరవ్వ అని పిలిస్తే బస్సోడు సుత నవ్వుతడు బావా. సునీత అని పెడదం," అన్నాడు కాశయ్య.

"నీ సునీత ఎవ్వలు బావా? మనింట్ల ఎన్నడన్న గంజి తాగిందా?"

"గిట్ల జేద్దం. కొచ్చి దాక తల తిరిగి పండుకోకుండ ఉండు. పేరు నీది. పండుకుంటివా, పేరు నాది. బోధన్ బండ్లోడు జాముసేపు నిలబడడు, సూడు!"

"నా బండే పడలె. నేను పడుతనా?"

నవ్వుతూ అన్నాడు గానీ, రాజలింగుకు అది నవ్వులాట కాదు. తండ్రి పోయాక చెరుకు నరికి, మోపులు మోసి తనను సాకిన తల్లి పేరు అది. ఉన్నది ఒక్క కూతురు. దానికి పెడదామంటే అప్పుడు పంతులు వేరే పేరు చెప్పాడు. ఈసారీ తప్పితే ఆ పేరు ఇంట్లో ఇక వినిపించదు.

ఓడ లోపల దొరలు, దొరసానులు నాట్యమాడిన హాలుంది. దాని నిండా ఇప్పుడు ఉల్లిగడ్డ బస్తాలు. గోడకు నిలువుటద్దాలు మాత్రం అలాగే ఉన్నాయి. గంగమణి వాటి ముందు నిలబడి తీరిగ్గా కొప్పు సర్దుకుంది. రాజలింగు చూపు వేరేచోట ఉంది. ఓడ ఎడమ పక్కకు కొంచెం ఒరిగి నడుస్తోంది.

"బరువు తప్పేసిన్రు," అన్నాడు.

"ముసల్ది బావా, నడుము వంగింది," అన్నాడు కాశయ్య.

మర్నాడు గాలి లేచింది. ఓడ ఎడమకు ఇంకా ఒరిగింది. రాజలింగు డెక్కు మధ్యలో నిలబడి, ఫ్యాక్టరీ గేటు ముందు బండ్లను అదిలించే గొంతుతో అరిచాడు.

"అందరు కుడి పక్కకు రాండ్రి! ఇధర్ ఆవ్ భాయ్! ఇక్డే యా!"

తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడింట్లోనూ అరిచేసరికి కొబ్బరి వ్యాపారులు, పిల్లల తల్లులు, ఒక సన్యాసి, పెట్టెలతో సహా కుడివైపుకు పరుగెత్తారు. ఓడ తనంతట తానే నిటారుగా లేచింది.

"సూసిన్రా?" అన్నాడు రాజలింగు.

అందరూ చూశారు, నమ్మారు కూడా. మీసమున్నవాడు గట్టిగా అరిస్తే నమ్మడం మన దేశంలో కొత్త కాదు. ఆ వెంటనే ఓడ కుడికి ఒరిగింది. రాజలింగు జనాన్ని ఎడమకు తోలాడు. పొద్దువాలేదాకా అదే పని. చివరికి తెల్లబట్టల ఆఫీసరొకాయన వచ్చి కాశయ్యను పిలిపించాడు.

"ఎవరయ్యా ఈయన?"

"మా వియ్యంకుడు సార్. బండి మనిషి," అన్నాడు కాశయ్య తల గోక్కుంటూ.

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. "పెద్దాయనా, ఓడ అడుగున కొండంత బరువుంది. మీరు ఎటు నిలబడ్డా దున్నపోతు మీద దోమలే. పోయి కూచోండి."

రాజలింగు కూచున్నాడు. కూచున్నాకే వచ్చింది చిక్కు. అప్పటిదాకా పనిలో పడి మరచిన కడుపు ఒక్కసారి గొంతులోకి ఎగిరింది. ఆకాశం గిర్రున తిరిగింది. వీపు నేలకు జారుతోంది. ఎదురుగా కాశయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"సునీత..." అని సాగదీశాడు కాశయ్య.

గంగమణి వచ్చి మొగుడి భుజం పట్టుకుని కుదిపింది.

"ఏందయ్యా, గట్లనే కూసుంటవా? ఓడ మల్ల ఒరుగుతున్నది!"

"దొర వద్దన్నడు గదనే."

"ఆ దొర ఎన్నడన్న చెరుకు బండి తోలిండా?"

రాజలింగు లేచాడు. కొచ్చి రేవు కనబడేదాకా మళ్లీ కూచోలేదు. ఈసారి జనం పలకలేదు. ఆయనొక్కడే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడిచి ఆ మహానౌకను తన ఒంటి బరువుతో కాపాడాడు. తిరుగు ప్రయాణంలో మాత్రం చాప మీదనుంచి తల ఎత్తలేదు. పందెం అయిపోయింది కదా!

బోధన్‌లో పురుడు. ఆడపిల్లే పుట్టింది. ఇరవై ఒకటో నాడు, కాశయ్య దిగాలుగా చూస్తుండగా, రాజలింగు తొట్టెలోకి వంగి పాప చెవిలో ముమ్మారు "ఈరవ్వా" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

తెల్లారి పాప ఏడ్చింది. వంటింట్లోంచి గంగమణి గొంతు వినబడింది.

"అచ్చిన, అచ్చిన సునీతమ్మా!"

రాజలింగు ఉలిక్కిపడ్డాడు. "ఏందే గది? గెలిచింది నేను గద!"

"గెలిచినవ్. కాదన్ననా? కొచ్చి దాక నిన్ను నిలబెట్టింది ఎవరు?"

"మరి పేరు?"

"అత్త పేరు కోడలు నోట్లెకెల్లి ఎట్లొస్తదయ్యా? ముప్పై ఏండ్లు అనలె, ఇప్పుడంటనా? అత్తను పేరు పెట్టి పిలిచి ముక్కు చీదుమంటే లోకం ఏమంటది?"

మొత్తుకోవడానికి కూడా వీల్లేని మర్యాద అది.

కూతురు బొంబాయి పోయేదాకా పిల్లను సాకేది గంగమణి. ఆమె ఏమని పిలిస్తే వాడకట్టంతా అదే పేరు. ఈరవ్వా అని పిలిచేవాడు రాజలింగు ఒక్కడే. పదిమంది పిలిచినంత గట్టిగా పిలుస్తాడు. ఆ అరుపుకు పాప అదిరిపడి ఏడుస్తుంది. సునీతా సునీతా అంటూ గంగమణి వచ్చి ఊరుకోబెడుతుంది.