తాంబూలం మింగిన తీర్పు

ధర్మవరంలో మా వీధి చివరింటి ముత్యాలప్ప కోర్టులో గెలిచిన మనిషి. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఇప్పుడాయన్ను చూసినవాళ్లెవరూ నమ్మరు. గెలిచింది అనంతపురం కోర్టులో కూడా కాదు, కొలంబోలో.

1978లో ఆయనకు సొంత మగ్గాలు మూడు. మా ఊరివాడే కుళ్ళాయప్ప కొలంబోలో బట్టల అంగడి పెట్టి, అరవై పట్టుచీరలు పంపమని జాబు రాశాడు. ముత్యాలప్ప నేయించి, బిల్లు రాసి, పద్ధతిగా పంపాడు. చీరలు అమ్ముడుపోయాయి, డబ్బు మాత్రం రాలేదు. గట్టిగా అడిగితే "సరుకు నాసిరకం" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. డబ్బు ఎగ్గొట్టి ఊరుకుంటే ఓర్చుకునేవాడేమో, తన నేతను మాట అనేసరికి ఓర్చుకోలేకపోయాడు. రెండు మగ్గాలు అమ్మి, పాస్‌పోర్టు తీసుకుని, రామేశ్వరంలో స్టీమరెక్కాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ కోర్టులో చీర మడత విప్పి, బల్ల మీద పరిచి, జడ్జికి పోగు పోగూ చూపించాడు. కుళ్ళాయప్ప వకీలు ఎంత వాదించినా నిలవలేదు. 1981 మార్చి పన్నెండున తీర్పొచ్చింది. అసలూ వడ్డీ ఖర్చులూ అన్నీ ముత్యాలప్పకే ఇవ్వాలని.

ఆ నెలాఖరుకే కుళ్ళాయప్ప అంగడి మూసి అనంతపురం వచ్చేశాడు. వచ్చీ రాగానే మేడకు పునాది తీశాడు. ఆ పునాదిలో ఎవరి చీరలున్నాయో ఊరందరికీ తెలుసు.

ఇక్కడ మా నేతవాళ్ల కట్టుబాటు ఒకటి చెప్పాలి. తగాదా పడ్డవాళ్లిద్దరూ పెద్దమనుషుల చేతిమీదుగా తాంబూలం అందుకుంటే, ఆ పెద్దలు "ఇంక మా వల్ల కాదు" అనేదాకా ఇద్దరిలో ఎవరూ కోర్టు మెట్టెక్కకూడదు. ఎక్కితే వాడి ఇంటికి శుభానికీ అశుభానికీ ఎవరూ రారు.

పెద్దమనిషి ఓబుళేసు ఇద్దరినీ పిలిపించి తాంబూలం పళ్లెం తెప్పించాడు. "సముద్రం దాటి గెలిచినావు, మెచ్చుకున్నాం. ఈడ మళ్లా కోర్టెందుకప్పా? మేం లేమా?" అన్నాడు.

"ఇయ్యనని నేనెప్పుడంటి ఓబుళేసన్నా? ఉగాదికి ఇచ్చేస్తా" అన్నాడు కుళ్ళాయప్ప. ఇద్దరూ తాంబూలం అందుకున్నారు.

ఉగాది దీపావళి అయింది. దీపావళి మళ్లీ ఉగాది అయింది. ప్రతిసారీ పదిమంది ముందు అదే మాట, అదే పళ్లెం. ముత్యాలప్ప భార్య రామాంజినమ్మ మాత్రం ఒకనాడు ఊరుకోలేదు.

"ఇన్నిసార్లు ఇస్తానంటాన్నాడు గదా, ఆ మాటే కాయితం మీద రాయించి చేవ్రాలు పెట్టించుకోరాదా?"

"పిచ్చిదానా, పెద్దలుండంగా కాయితమెందుకు? సంతకం అడిగితే వాళ్లను నమ్మనట్ల గదా" అన్నాడు ముత్యాలప్ప.

1984 జూన్‌లో, తల్లి పోయినప్పుడు కూడా కన్నీళ్లు పెట్టని ఆ మనిషి ఓబుళేసు ఇంటి అరుగు మీద ఏడ్చాడు. అప్పుడు గానీ పెద్దలు "ఇంక మా వల్ల కాదు" అనలేదు. ముత్యాలప్ప ఎర్ర సీలున్న తీర్పును పట్టుగుడ్డలో చుట్టుకుని మొదటి బస్సుకే అనంతపురం పోయాడు. వకీలు యేసన్న కాగితాలన్నీ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మూడు నెల్ల ముందర యాడికి పోయినావప్పా?"

"ఏమన్నా, తప్పుండాదా తీర్పులో?"

"తీర్పు బంగారం. టైమే అయిపాయ. సింగపూరు మాదిరి కొన్ని దేశాలతో మనకు ఏర్పాటుండాది, ఆడి తీర్పును నేరుగా అమలుకు పెట్టొచ్చు. కొలంబోది అట్లగాదు. దాన్ని పట్టుకొని ఈడ కొత్తగా దావా వెయ్యల్ల. తీర్పు తేదీ నుంచి మూడేండ్ల లోపల. మార్చి పన్నెండుకే సరిపాయ."

"వాడు ఇస్తానన్నాడన్నా! మొన్న ఉగాదికి గూడా అన్నాడు. పదిమంది సాక్షులుండారు."

"నూరు మందిని తెచ్చినా లాభం లేదు. ఆ మూడేండ్ల లోపల బాకీ ఉందని రాసి వాడు చేవ్రాలు పెట్టింటే, ఆ పొద్దు నుంచి మళ్లా మూడేండ్లు వచ్చేది. బీడీకట్ట కాయితమైనా చాలు."

మన కోర్టు డిక్రీని అమలు చేయించుకోవడానికి పన్నెండేళ్ల గడువట. సముద్రం దాటి మూడుసార్లు పోయి తెచ్చుకున్నదానికి మూడేళ్లు. ఎవరు లెక్కగట్టారు? మగ్గం గుంతలో ఒక్క పూటైనా కూర్చున్నవాడా? ఎగ్గొట్టినవాడు మేడ మీద మేడ వేసుకునేంత కాలం ఆగిన చట్టం, గెలిచినవాడి దగ్గర మాత్రం మూడు నెలలు ఆగలేదు. చట్టాన్ని ఒక్కదాన్నే తిట్టి ఊరుకోను. మూడేళ్లు పళ్లేలు తిప్పిన మా పెద్దమనుషులు, ఒక్కరంటే ఒక్కరు, గడువెంతో వకీలును అడిగి తెలుసుకోలేదు.

ఓబుళేసు సిగ్గుపడి కుళ్ళాయప్ప మేడకు పోయాడు. కుళ్ళాయప్ప కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి నవ్వాడట. "చట్టమే ఇయ్యనక్కర్లేదన్నాక నేను ఇస్తే చట్టానికి మర్యాద తక్కువ గదన్నా."

మిగిలిన ఒక్క మగ్గం పట్టునూలు వ్యాపారి సుంకన్న దగ్గర తాకట్టులో ఉంది. కొలంబో డబ్బు రాగానే విడిపించుకుందామని అట్టే పెట్టిన మగ్గం. డబ్బు రాదని తెలిసిన వారానికే సుంకన్న మగ్గం తీసుకుపోవడానికి బండి తోలుకొచ్చాడు. వెనకే ఓబుళేసు, చేతిలో పళ్లెం.

"రెండు నెల్లు ఆగమని సుంకన్నను ఒప్పించినా. తాంబూలం పట్టు ముత్యాలప్పా."

ముత్యాలప్ప పళ్లెం వైపు చూడలేదు. "రెండు నెల్లు ఆగుతానని రాసి చేవ్రాలు పెడతావా సుంకన్నా?"

"పెద్దలుండంగా కాయితమెందుకప్పా?" అన్నాడు సుంకన్న.

వాకిట్లో నిలబడ్డ రామాంజినమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ముత్యాలప్ప పళ్లేన్ని రెండు వేళ్లతో వెనక్కి నెట్టాడు. వక్కలు అరుగు మీద దొర్లాయి.

"మగ్గం నేనే విప్పి ఇస్తా. మీరు విప్పితే పోగులు పట్టే అచ్చు విరగ్గొడతారు" అన్నాడు. గుంతలోకి దిగి మొదటి తాడు ముడి మీద చెయ్యి వేశాడు. ఓబుళేసు వంగి వక్కలు ఏరుకుంటున్నాడు. పక్కనే ఉన్న నేను ఆయనకు సాయం పట్టలేదు.