మాస్టారి చెవులూ, ఎనిమిది కిలోల ఇనుమూ

ఎనిమిది కిలోల ఇనుప పలక ఒకటి ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. నాకూ వస్తుంది. అదే నా సిగ్గు.

కైకలూరులో ఐసు కొట్టు పక్కన నాకు రిపేరు షాపు ఉండేది. పని తాడేపల్లిగూడెంలో నేర్చుకున్నాను. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అది. బేరాల్లేక బజారంతా ఈగలు తోలుకుంటోంది. అప్పుడు, చర్చిలో పాటల బృందాన్ని నడిపే మాస్టారు తన యాంప్లిఫయర్ని రిక్షాలో వేసుకుని వచ్చారు. మిషన్ బంగళాలో ఉండే దొరసాని ఊరు విడిచి వెళ్తూ ఇచ్చిన పెట్టె. బృందం పాటను టేపు మీదికి ఎక్కించి, ఇంటికెళ్ళి ఈ పెట్టెలో విని, ఎవరి శ్రుతి ఎక్కడ జారిందో మరునాడు పేరు పెట్టి చెప్పేవారాయన. ఇప్పుడది గుయ్యిమంటోందట.

మూత తీశాను. అబ్బ, ఏం పనితనమండీ! వేలెడు మందం అల్యూమినియం. కొబ్బరికాయంత ట్రాన్స్‌ఫార్మర్. తీగలన్నీ మైనం దారంతో జడ అల్లినట్టు కట్టి ఉన్నాయి. ఎవరూ చూడని మూలల్లో కూడా అంత శ్రద్ధ. ఎండిపోయినవి రెండే రెండు కండెన్సర్లు. మారిస్తే గంటలో పని అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకు? ఆ పెట్టె నాకు కావాలి, అంతే. వేరే కారణం వెతికి మీ ముందు మంచివాణ్ణి కాలేను.

దీని ఆయువు తీరిందనీ, దీన్ని నాకు వదిలేస్తే ఏలూరు నుంచి కొత్తది తెప్పిస్తాననీ చెప్పాను. కొత్తది వచ్చింది. పైన తళతళలు, నీలం లైట్లు. లోపల అరచేతంత బోర్డు, మిగతాదంతా గాలి. మాస్టారు రెండింటినీ ఐసు కొట్టు కాటా మీద పెట్టించారు. మా ఊళ్ళో అంతే, కాటా ఎక్కితేగాని దేన్నీ నమ్మరు. పాతది పద్ధెనిమిది కిలోలు. కొత్తది పది. ఆయన మొహం చిన్నబోయింది. ఇంకో పార్టు బిగించాలి, రేపు రండి అన్నాను. ఆయన అటు వెళ్ళగానే ఇనుప పలక కోయించి, పెట్టె అడుగున నాలుగు బోల్టులతో బిగించాను. మరునాడు కాటా పద్ధెనిమిది చూపించింది. ఆయన కొత్తదాన్ని సంబరంగా పట్టుకెళ్ళారు. పాతదాన్ని నేను ఇంటికి పట్టుకెళ్ళాను.

పది రోజులకు మళ్ళీ వచ్చారు. అసలు పాపం అక్కడుంది.

"ఏవండీ, దీంట్లో అందరి గొంతులూ ఒకే ముద్దలా వినపడుతున్నాయండీ. ఎవరు ఏది పాడుతున్నారో తెలియట్లేదు."

"పెట్టె బాగానే ఉందండీ మాస్టారూ. మీ చెవులకే వయసొచ్చింది. ఏమీ అనుకోకండి."

ఆయన చెవి తడుముకున్నారు. "అంతేనంటారా?"

"అంతేనండీ."

ఆ ఆదివారం నుంచి ఆయన పాట నడపడం మానేశారు. బజారులో ఎవరు పలకరించినా చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవారు. వినపడేదే. అయినా పెట్టుకునేవారు.

మరి నేను? హాయిగా ఉన్నానండీ, ఏం దాచను. ఆ పెట్టెలో పాట పెడితే తబలా మీద వేలు జారడం కూడా వినపడేది. పొయ్యి మీద కూర మాడినా నాకు పట్టేది కాదు. అలా రెండు క్రిస్మస్‌లు గడిచాయి. రెండోసారి బృందం పాట చర్చి మైకులో మా వీధిదాకా వచ్చింది. సగం మంది ఒక దారి, సగం మంది ఇంకో దారి. మంచి పెట్టెకు అలవాటు పడ్డ చెవులు కదా నావి, ప్రతి తప్పూ విడివిడిగా వినపడింది. అన్నం సహించలేదు.

మరునాడు, ఎప్పుడో కండెన్సర్లు మార్చేసిన ఆ పెట్టెను మోసుకుని మాస్టారింటికి వెళ్ళాను. నిజం చెప్పాలనే వెళ్ళాను. "పాతదాన్ని ఎలాగో బతికించానండీ" అని నోటికొచ్చింది. పాత టేపు పెట్టాను. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. రెండో చరణంలో ఉన్నట్టుండి లేచి చప్పట్లు కొట్టారు. "రూతమ్మ! అదుగో, రూతమ్మ శ్రుతి దిగింది!" బృందంలో పాడే రూతమ్మ పక్కింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. తన తప్పు మళ్ళీ పట్టుబడినందుకు సంతోషంతో ఏడ్చేసింది. ముగ్గురం పగలబడి నవ్వాం. అంతటి సంతోషంలో నోరు విప్పలేకపోయాను. కొత్త పెట్టెను, పలక ఎవరి కంటా పడకుండా, వెనక్కి తెచ్చుకున్నాను.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకు నన్ను రమ్మన్నారు. మసీదు వీధి వాణ్ణి, మొదటి వరసలో కూర్చోబెట్టారు. దేవుడు తన చెవులు తిరిగి ఇచ్చాడనీ, ఈ తమ్ముడి చేతుల మీదుగా ఇచ్చాడనీ మాస్టారు సాక్ష్యం చెప్పారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను తల వంచుకున్నాను. ఎంత వినయమో అనుకున్నారు. తర్వాత ఆయన చెయ్యెత్తగానే బృందం పాడింది. ఎంత బాగా పాడారని! కుర్చీలో కూర్చోలేకపోయాను.

ఇప్పటికీ క్రిస్మస్‌కు వాళ్ళింటి నుంచి కేకు వస్తుంది, రంజాన్‌కు మా ఇంటి నుంచి సేమియా వెళ్తుంది. పెట్టె ఇంకా పాడుతూనే ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, ఆ మాట అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఒక్క సంగతి ఎక్కడైనా రాసిపెట్టాలి, అంతే. రాస్తుంటేనే ఊపిరి ఆడుతోంది.

మాస్టారి చెవులకు ఎప్పుడూ ఏమీ కాలేదు. వయసొచ్చిందని అంటున్నప్పుడే ఆ సంగతి నాకు తెలుసు.